చెక్కపని చివరిది: వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్చుకునేవారి ప్రశ్నలకు జవాబులు

పాత సరకు వ్యాన్ ఒకటి కొని, లోపల మంచం, పొయ్యి, అల్మరాలు అమర్చుకుని కుటుంబంతో స్కాట్లండ్‌కో వేల్స్‌కో బయలుదేరాలన్న కోరిక బ్రిటన్‌లో స్థిరపడిన మన పాఠకులలో చాలామందికి ఉన్నట్టు ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. నేను ఇప్పటికి రెండు వ్యాన్లను ఇలా మార్చుకున్నాను. మొదటిదాన్ని రెండేళ్లు తిరగకముందే పూర్తిగా విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది. అందుకు కారణం చెక్కపనిలో లోపం కాదు, చెక్కపని కంటే ముందు ఆలోచించవలసిన చెమ్మ గురించీ బరువు గురించీ ఆలోచించకపోవడమే. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువభాగం అల్మరాల కొలతల గురించీ, బల్లకు వేయవలసిన కలప గురించీ అడిగాయి. వాటికి మరో సంచికలో జవాబిస్తాను. ఈసారి ఆ పని మొదలుపెట్టకముందు తేల్చుకోవలసిన సంగతులను అడిగిన ఐదు ఉత్తరాలను ఎంచుకున్నాను.

ప్రశ్న: మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు. ప్రతి వేసవిలో గుంటూరు నుంచి అమ్మా నాన్నా వచ్చి మూడు నెలలు ఉంటారు. అందరం కలిసి తిరగడానికి ఏ వ్యాన్ కొనాలి, ఎంత పెద్దది కొనాలి? నేను ఇక్కడ డ్రైవింగ్ పరీక్ష 2014లో పాసయ్యాను. (ఒక పాఠకుడు, మిల్టన్ కీన్స్)

జవాబు: మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె 2014. బ్రిటన్‌లో 1997 జనవరి 1 నుంచి కారు పరీక్ష పాసైనవారు, పెట్రోలు, డీజిల్ వాహనాలైతే, 3,500 కిలోల గరిష్ఠ బరువున్న వాహనం వరకే నడపవచ్చు. ఆ బరువులో వ్యాన్, అందులోని మనుషులు, నీళ్లు, బట్టలు, బియ్యం డబ్బాతో సహా అన్నీ కలిసే ఉంటాయి. దాదాపు ఆరు మీటర్ల పొడవు, లోపల మనిషి నిలబడగల ఎత్తు ఉన్న వ్యాన్ ఖాళీగానే సుమారు 2,000 కిలోలు ఉంటుంది. మోడల్‌ను బట్టి వంద కిలోలు అటూ ఇటూ కావచ్చు. మిగిలిన 1,500 కిలోలు మొదట చాలా ఎక్కువ అనిపిస్తాయి. కానీ 18 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ పలక, అంటే ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్నది, ఒక్కొక్కటి 36 కిలోల దాకా తూగుతుంది. మంచం, వంటగట్టు, అల్మరాలు, నేల కలిపి పన్నెండు పలకలు వాడారనుకుంటే అక్కడే 430 కిలోలు ఖర్చయ్యాయి. అవే పలకలు 12 మిల్లీమీటర్ల పాప్లర్ ప్లైవుడ్‌తో చేస్తే ఒక్కొక్కటి 16 కిలోల చొప్పున 190 కిలోల దగ్గర ఆగుతాయి. మిగిలే 240 కిలోలు ముగ్గురు పెద్దవాళ్ల బరువు. మీ అమ్మానాన్నలకు ఆ వ్యాన్‌లో చోటుంటుందా లేదా అన్నది తేలేది ఇక్కడే.

నా మొదటి వ్యాన్‌ను పని పూర్తయ్యాక లారీలను తూచే ధర్మకాటా మీద పెడితే, మేము నలుగురం కూర్చున్నాక 3,420 కిలోలు చూపింది. అప్పటికి 70 లీటర్ల నీళ్ల ట్యాంకు ఖాళీగా ఉంది. అది నింపితే మిగిలేది పది కిలోలే. వంటగట్టుకు నేను వేసిన పాత టేకు చెక్కను ఆ వారమే తీసేశాను. రెండో వ్యాన్‌ను కొన్న రోజున ఒకసారి, ఇన్సులేషన్ (చలీ వేడీ చొరబడకుండా గోడలకు వేసే పొర), కిటికీలు అయ్యాక ఒకసారి, సామానుతో ఒకసారి తూయించాను. ప్రతిసారీ ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా రాయించుకున్నాను, ఎందుకంటే మొత్తం బరువు పరిమితిలోనే ఉండి, మంచం కింద పెట్టిన బ్యాటరీలు, నీళ్లు, పెట్టెల వల్ల వెనక ఇరుసు ఒక్కటే పరిమితి దాటే అవకాశం ఉంది. ఈ పరిమితులు వ్యాన్‌కు అతికించి ఉన్న రేకు మీద ముద్రించి ఉంటాయి.

ఇక ఆరుగురు ప్రయాణించడం గురించి. కొనేటప్పుడే ఫ్యాక్టరీలో రెండో వరుస సీట్లు బిగించి వచ్చిన వ్యాన్‌ను, ఇక్కడివారు డబుల్ క్యాబ్ లేక క్రూ వ్యాన్ అనేదాన్ని, చూడండి. ఆ సీట్లూ బెల్టులూ వాటిని పట్టి ఉంచే నేలా పరీక్షకు నిలిచినవి. ఖాళీ సరకు వ్యాన్ నేలకు మీరే రంధ్రాలు వేసి, ఎక్కడో కొన్న సీటును బోల్టులతో బిగించి అందులో పిల్లలను కూర్చోబెట్టే పని దయచేసి చేయకండి. పక్కకు తిరిగి కూర్చునే బెంచీ, దానికి బెల్టు ఉన్నా సరే, ప్రయాణంలో వాడవద్దు. ప్రమాదం జరిగినప్పుడు ఆ బెల్టు మనిషిని పక్కనుంచి కోసినట్టు పట్టుకుంటుంది, పిల్లల సీటు దాని మీద అసలు అమరదు. పన్నెండేళ్లు నిండేవరకు లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు పిల్లలకు తగిన సీటు ఈ దేశంలో తప్పనిసరి కనుక, ఆ ఎత్తు ఇంకా రాకపోతే మీ ఇద్దరు పిల్లలకూ అది కావాలి. ఆరుగురూ లోపలే పడుకోవడం మాత్రం ఈ పరిమాణంలో కుదరదు. పెద్దవాళ్లనూ పిల్లలనూ లోపల పడుకోబెట్టి, మీరిద్దరూ పక్కనే డేరాలో పడుకునే ఏర్పాటు మంచిది. మోకాళ్ల నొప్పులున్నవారు ఎక్కవలసిన మంచాన్ని ఎత్తుగా కట్టకండి.

మోడల్ విషయానికి వస్తే, మంచం అడ్డంగా వేసుకోవాలనుకుంటే ఫియట్ డుకాటో, దానితో ఒకే బాడీ పంచుకునే పేజో బాక్సర్, సిట్రోయెన్ రిలే నాకు నచ్చుతాయి. వాటి లోపలి వెడల్పు దాదాపు 187 సెంటీమీటర్లు ఉండడం వల్ల మధ్యస్థమైన ఎత్తున్న మనిషి అడ్డంగా పడుకోగలడు, పొడవులో రెండడుగులు ఆదా అవుతుంది. ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడెస్ స్ప్రింటర్ అంతకంటే ఇరుకు కనుక వాటిలో మంచం నిలువుగా వేయవలసి రావచ్చు. డీజిల్ వ్యాన్ కొంటే, ఇంజను వదిలే పొగకు పరిమితి పెట్టే యూరో 6 ప్రమాణం ఉన్నదే కొనండి. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ నగర పరిధి అంతా యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే వాహనాలకు రుసుము వేసే ప్రాంతం) కిందికి వచ్చింది, అంతకంటే పాత డీజిల్ వ్యాన్‌తో అక్కడ తిరిగిన ప్రతి రోజుకూ 12.50 పౌండ్లు కట్టాలి. పెద్ద వ్యాన్లలో 2016 సెప్టెంబరు తర్వాత రిజిస్టరైనవి సాధారణంగా యూరో 6 అయి ఉంటాయి, అయినా రిజిస్ట్రేషన్ పత్రంలో చూసుకోకుండా డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: గోడలకూ పైకప్పుకూ ఇన్సులేషన్‌గా ఏది వాడాలి? గొర్రె ఉన్ని అని ఒకరు, ఫోము అని ఒకరు, ఇళ్లకు వాడే గ్లాస్ వూల్ (గాజు పోగుల దూది) చాలునని మరొకరు చెబుతున్నారు. మేము శీతాకాలంలో కూడా తిరగాలనుకుంటున్నాం. (ఒక పాఠకురాలు, లీడ్స్)

జవాబు: ఏ సరుకు వాడాలన్న ప్రశ్నకు ముందు నీరు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ఇద్దరు మనుషులు తలుపులు మూసుకుని ఒక రాత్రి నిద్రపోతే ఊపిరి నుంచీ ఒంటి నుంచీ వెలువడే ఆవిరి దాదాపు అర లీటరు నీటితో సమానం. అన్నం వార్చినా, చారు మరిగించినా దానికి ఇంకా తోడవుతుంది. వేసవిలో ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద చుక్కలు ఎలా పేరుకుంటాయో, డిసెంబరు రాత్రి బయట సున్నా డిగ్రీలున్నప్పుడు ఈ ఆవిరి వ్యాన్ ఇనుప రేకు లోపలి వైపున అలాగే పేరుకుంటుంది. రేకు కనిపిస్తూ ఉంటే తుడుచుకుంటాం. దాని ముందు మందంగా ఏదో కూరి, పైన ప్లైవుడ్ బిగించాక కనిపించదు, తుడవలేము.

మొదటి వ్యాన్‌లో నేను చేసిన తప్పు అదే. గోడల పక్కటెముకల (రేకును లోపలి నుంచి పట్టి ఉంచే ఇనుప కమ్ముల) మధ్య మూడంగుళాల గ్లాస్ వూల్ కూరి, మీద పలకలు బిగించి, రంగు వేశాను. మొదటి శీతాకాలం చాలా బాగా గడిచింది. రెండో శీతాకాలం చివర, మంచం పక్క పలక మీద అరచేతంత నల్లమచ్చ కనిపించింది. స్క్రూలు విప్పబోతే నాలుగింటిలో రెండు తుప్పుతో బిగిసిపోయి తలలు ఊడివచ్చాయి. పలక వెనక వైపంతా బూజు పట్టి, ముట్టుకుంటే వేలికి మసిలా అంటింది. గ్లాస్ వూల్ తడిసిన దూదిలా బరువెక్కి కిందికి జారి గోడ అడుగున ముద్దగా కూర్చుంది. పై సగం రేకు ముందు ఏమీ లేదు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది అడుగున ఉన్న చిన్న రంధ్రం. తయారుచేసినవారు లోపల చేరిన నీరు కిందికి పోవడానికి ప్రతి గోడ అడుగునా అలాంటి రంధ్రాలు వదులుతారు. దాన్ని ఆ గ్లాస్ వూల్ పూర్తిగా మూసేసింది. ఆ మూలలో ఒక గరిటెడు నీళ్లు నిలిచి ఉన్నాయి, నీటి అంచు వెంబడి ఎర్రటి తుప్పు గీత గీసినట్టు ఉంది. ఇంకో రెండేళ్లు అలాగే ఉంటే ఎంఓటీ పరీక్షలో, అంటే ఇక్కడ ఏటా వాహనానికి చేసే భద్రతా పరీక్షలో, ఆ వ్యాన్ నిలిచేది కాదు.

అందుకని ఇప్పుడు నేను సిఫారసు చేసేది నీటిని పీల్చనిదీ, రేకుకు పూర్తిగా అంటుకునేదీ అయిన సరుకు. వెనక జిగురుతో వచ్చే మూసిన గడుల (లోపలి గాలిబుడగలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకోని) నైట్రైల్ రబ్బరు ఫోము, ఇక్కడ ఎక్కువమంది ఆర్మాఫ్లెక్స్ పేరుతో ఎరిగినది, గోడలకూ పైకప్పుకూ బాగా పనికొస్తుంది. రేకుకూ ఫోముకూ మధ్య గాలి చొరబడే సందు లేకపోతే ఆవిరి చల్లటి రేకును చేరలేదు. అతికించేముందు రేకును స్పిరిట్‌తో తుడవండి, చలిరోజున అతికించకండి, అతుకుల మీద టేపు వేయండి, అడుగు రంధ్రాలను చివరి వరకూ తెరిచే ఉంచండి. నేలకు 25 మిల్లీమీటర్ల పీఐఆర్ బోర్డు (గట్టి ఫోము పలక) వేసి దానిమీద ప్లైవుడ్ పరిస్తే చాలు. ఆ ప్లైవుడ్‌ను నేల రేకులోకి పొడవాటి స్క్రూలతో దించేముందు వ్యాన్ కింద పడుకుని చూడండి, డీజిల్ ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్లు అక్కడే ఉంటాయి. నేను జిగురుతో అతికించి, సరకును కట్టడానికి ఫ్యాక్టరీ బిగించిన కొక్కేల రంధ్రాలనే వాడుకున్నాను.

గొర్రె ఉన్ని చెడ్డది కాదు. అది చెమ్మను పీల్చి మళ్లీ వదలగలదు, కానీ వదలడానికి దానికి గాలి తగలాలి, మన గోడలలో తగలదు. డబ్బాలో వచ్చి ఉబ్బే ఫోమును మాత్రం పక్కటెముకల లోపలికి కొట్టకండి. అది ఉబ్బుతూ పలచటి బయటి రేకును నెట్టి వంచగలదు, పైగా అడుగు రంధ్రాలను శాశ్వతంగా మూస్తుంది.

ఏ సరుకు వాడినా, ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే అది ఎక్కడో ఒకచోట నీరవుతుంది. పైకప్పుకు 40 సెంటీమీటర్ల చదరపు రంధ్రం కోసి గాలిని బయటికి తోసే ఫ్యాను పెట్టుకోవడం, వండేటప్పుడు దాన్ని తిప్పుతూ ఎదురు కిటికీని రెండు వేళ్లంత తెరవడం, నేను చేసిన పనులన్నిటిలో ఎక్కువ ఫలమిచ్చినవి. శీతాకాలంలో కూడా రాత్రంతా ఆ ఫ్యాను మూతను వేలు సందంత తెరిచి ఉంచుతాము. కాస్త చలి లోపలికి వస్తుంది, పొద్దున పక్కబట్టలు మాత్రం పొడిగా ఉంటాయి.

పైకప్పునూ గోడనూ కోసే పని ఇన్సులేషన్ కంటే ముందే కావాలి. కోసేచోట రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, నాలుగు మూలలా రంధ్రాలు వేసి, సన్నటి పళ్ల జిగ్‌సా రంపంతో నెమ్మదిగా కోయండి. లోపల కింద పాత దుప్పటి పరవండి, ఎందుకంటే రాలిన ఇనుప రజను ఒక్క వానకే తుప్పు పట్టి తెల్ల రంగు మీద నారింజ చుక్కలు వేస్తుంది. కోసిన అంచును ఆకురాయితో నునుపు చేసి, జింకు ప్రైమర్ రెండు పూతలు వేసి, అది ఆరాకే ఫ్యాను పెట్టండి. చుట్టూ సికాఫ్లెక్స్ వంటి పాలియురేథేన్ సీలెంటు వాడండి, బాత్‌రూముకు వాడే సిలికాన్ వద్దు. అంతా అయ్యాక ఓ వారం వానలో నిలబెట్టండి, లేదా గొట్టంతో పావుగంట నీళ్లు కొట్టించండి. లోపల వేలితో తడిమి పొడిగా ఉందని తేలాకే ఫోము అతికించడం మొదలుపెట్టండి.

ప్రశ్న: మా ఇంట్లో రెండుపూటలా అన్నం, కూర, చారు ఉండాల్సిందే. గ్యాసు పెట్టుకోవాలా, ఇండక్షన్ పొయ్యి పెట్టుకోవాలా? పైకప్పు మీద సోలార్ ప్యానెల్ ఒక్కటి చాలదా? అలాగే చలికి డీజిల్ హీటర్ అంటున్నారు, అది పిల్లలున్నచోట క్షేమమేనా? (ఒక పాఠకురాలు, రీడింగ్)

జవాబు: ముందు లెక్క చూద్దాం, తర్వాత పొయ్యి. 100 ఆంపియర్ అవర్ల (బ్యాటరీలో ఎంత కరెంటు నిలవ ఉంటుందో చెప్పే కొలత) 12 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో దాదాపు 1,280 వాట్ అవర్ల కరెంటు ఉంటుంది. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు 30 నుంచి 40 ఆంపియర్ అవర్లు తింటుంది. లైట్లు, నీళ్ల పంపు, ఫ్యాను, నాలుగు ఫోన్లు కలిపి మరో 20. రెండు వేల వాట్ల ఇండక్షన్ పొయ్యిని పది నిమిషాలు పూర్తి వేడిలో వాడితే దాదాపు 30 ఆంపియర్ అవర్లు పోతాయి, అంతకంటే ముఖ్యంగా ఆ పది నిమిషాలూ బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు వెళ్లే తీగలో 170 ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది. అది వేలు లావు తీగ, గట్టి ఫ్యూజు, బిగువైన కనెక్షన్లు అడిగే పని. ఒక్క స్క్రూ వదులైనా అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది.

మన వంటకు నేను కుదుర్చుకున్న ఏర్పాటు రెండూ కలిపినది. అన్నానికి 400 వాట్ల చిన్న రైస్ కుక్కర్. అది పాతిక నిమిషాలు పనిచేసినా ఒక పూటకు 15 ఆంపియర్ అవర్లే, ఆవిరి కూడా ఫ్యాను కిందే ఉంటుంది. పోపుకూ కూరకూ రెండు మంటల గ్యాసు పొయ్యి. ఇలా అయితే రోజుకు 80, 90 ఆంపియర్ అవర్లతో గడుస్తుంది, 200 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటే రెండు రోజులు కదలకుండా ఉండవచ్చు. ఆవాలు చిటపటలాడే నూనె పొగ ఇన్సులేషన్ మీది వెల్వెట్ బట్టకు పడితే ఏడాదికి కూడా వదలదు కనుక పొయ్యి వెనక గోడకు స్టీలు రేకు వేయించండి, వీలైనన్ని రోజులు ఆ ఒక్క పోపు పనిని బయట బల్ల మీద చేసుకోండి.

సోలార్ విషయంలో మన ఊరి ఎండను మనసులో పెట్టుకోకండి. బ్రిటన్‌లో పైకప్పు మీద బల్లపరుపుగా పెట్టిన ప్యానెల్‌కు డిసెంబరులో అందే వెలుగు జూన్‌లో అందేదానిలో దాదాపు పదో వంతు. 175 వాట్ల ప్యానెల్ జూన్‌లో ఫ్రిజ్‌నూ లైట్లనూ పోషిస్తుంది, డిసెంబరులో లైట్లకే చాలదు. శీతాకాలంలో తిరిగేవారు ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీని నింపే డీసీ-డీసీ చార్జరును తప్పక పెట్టుకోవాలి. ఇటీవలి యూరో 6 వ్యాన్లలో ఆల్టర్నేటర్ వోల్టేజీ అవసరాన్ని బట్టి తగ్గిపోతూ ఉంటుంది కనుక, రెండు బ్యాటరీలనూ నేరుగా కలిపే పాత పద్ధతి రిలే స్విచ్చి సరిగా పనిచేయదు. 30 ఆంపియర్ల చార్జరుకు ఐదు మీటర్ల దూరం ఉంటే 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయండి. ఇంజను బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు, లోపలి వాడకానికి పెట్టిన బ్యాటరీ దగ్గర మరొకటి ఉండాలి, ఎందుకంటే ఆ తీగకు రెండు చివరలా మంట పుట్టించగల బ్యాటరీలు ఉన్నాయి. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో చార్జి చేయకూడదు కాబట్టి దాన్ని వెనక తలుపు దగ్గర కాక మంచం కింద, మనుషులుండే వెచ్చని వైపు పెట్టండి. 230 వోల్టుల పనిని ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

గ్యాసు గాలి కంటే బరువైనది. కారితే పైకి పోదు, నీటిలా నేల మీద పరచుకుని మంచం కింద చేరుతుంది. అందుకే సిలిండరును లోపలి గదితో సంబంధం లేకుండా పూర్తిగా మూసిన పెట్టెలో నిలబెట్టి కట్టి, ఆ పెట్టె అడుగున నేల గుండా రోడ్డు వైపు తెరుచుకునే రంధ్రం ఉంచాలి. ఆ రంధ్రం మీద సంచులు పెట్టకూడదు. గొట్టాలు బిగించడాన్నీ, పరీక్షించడాన్నీ గ్యాస్ సేఫ్ రిజిస్టరులో (ఇక్కడ గ్యాసు పని చేయడానికి అనుమతి ఉన్నవారి జాబితా) ఎల్‌పీజీ పనికి అర్హత నమోదైన మనిషికే అప్పగించండి. మిగతా పనులన్నిటినీ మీ చేతులతో చేసుకోమని నేను ప్రోత్సహిస్తాను, ఇది ఒక్కటి వద్దంటాను. చలిలో తిరిగేవారు బ్యూటేన్ కాక ప్రొపేన్ తీసుకోవాలి, బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరిగా మారడం మానేస్తుంది.

డీజిల్ హీటర్ సరిగా బిగిస్తే క్షేమమే, ఎందుకంటే అది మంటకు కావలసిన గాలిని బయటి నుంచే తీసుకుని పొగను బయటికే వదులుతుంది, లోపలికి వచ్చేది వేరే దారిలో వేడెక్కిన శుభ్రమైన గాలి. పొగగొట్టం తలుపు కిందో కిటికీ కిందో ముగియకూడదు, అతుకు వదులుగా ఉండకూడదు. ఈ పరిమాణం వ్యాన్‌కు రెండు కిలోవాట్లది చాలు. ఐదు కిలోవాట్లది కొంటే అది ఎప్పుడూ సన్నమంట మీదే నడిచి లోపల మసి పడుతుంది. గ్యాసు ఉన్నా, హీటరు ఉన్నా, ఈఎన్ 50291-2 గుర్తు ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునేవారి తలల దగ్గర పెట్టండి. ఆ వాయువుకు వాసన లేదు. వాన పడుతోందని బొగ్గుల కుంపటిని, మండి ఆరిందనుకున్నదాన్ని కూడా, డేరాలోకో వ్యాన్‌లోకో తేకండి.

ప్రశ్న: పని పూర్తయ్యాక రిజిస్ట్రేషన్ పత్రంలో మోటార్ క్యారవాన్ అని మార్పించాలా? మార్చకపోతే బీమా చెల్లదని ఒకరు భయపెట్టారు. (ఒక పాఠకుడు, లెస్టర్)

జవాబు: ఇవి రెండు వేరువేరు సంగతులు. బీమా సంస్థకు మీరు పని మొదలుపెట్టకముందే చెప్పాలి. సరకు వ్యాన్‌గా బీమా చేసినదానిలో మంచం, గ్యాసు ఉన్నట్టు ప్రమాదం తర్వాత తెలిస్తే పరిహారం నిరాకరించే అవకాశం నిజంగా ఉంది. మార్పు జరుగుతుండగానే బీమా ఇచ్చే సంస్థలు ఈ దేశంలో ఉన్నాయి. వాటిలో పత్రంలో మోటార్ క్యారవాన్ అని లేకపోయినా, ఫోటోలు చూసి ఒప్పుకునేవి ఉన్నాయి. ఫోన్‌లో చెప్పినదాన్ని నమ్మకుండా రాతలో తీసుకోండి.

ఇక్కడ వాహనాలను రిజిస్టరు చేసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ వారు పత్రంలో బాడీ రకాన్ని మార్చాలంటే లోపల స్థిరంగా బిగించిన మంచం, బల్ల, కూర్చునే చోటు, వంట ఏర్పాటు, సామాను అరలు ఉండడం చాలదు. బయటి నుంచి చూడగానే రోడ్డు మీదివారికి అది మోటార్ క్యారవాన్‌గా తెలియాలని వారి నియమం. అందుకు వారు చూసేవాటిలో కనీసం ఒక పక్కన రెండు కిటికీలు, ముందు తలుపులు కాక నివాసంలోకి వేరే తలుపు, రెండు పక్కలా క్యారవాన్ తరహా చారలు, పక్కన ఎండకు పందిరి గుడ్డ కట్టే కడ్డీ, ఎత్తైన స్థిరమైన పైకప్పు ఉన్నాయి. తెల్ల రంగులో, ఒకే కిటికీతో, గుట్టుగా కనిపించేలా మార్చుకున్నవారికి చాలాసార్లు నిరాకరణే వస్తుంది. అలా వచ్చినా మీ వ్యాన్ చట్టవిరుద్ధం కాదు. కిటికీలు పెట్టారు కనుక పత్రంలో కిటికీలున్న వ్యాన్ అని మార్పు నమోదు చేయించుకుని నిశ్చింతగా నడపండి. ఆ చారలు వేయించడం కోసమే డబ్బు ఖర్చుపెట్టవద్దని నా సలహా.

ప్రశ్న: ఇలా మార్చిన వ్యాన్లను చూసి నాకూ ఆశ కలిగింది. ఖమ్మంలో పాత మారుతి ఈకో కార్గో ఒకటి అమ్మకానికి ఉంది. దాన్ని ఇలాగే మార్చుకోవచ్చా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: దాన్ని కొనకండి. కార్గో వ్యాన్ సరకు వాహనంగా రిజిస్టరై ఉంటుంది, వెనక భాగంలో మనుషులను కూర్చోబెట్టి ప్రయాణించడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ వివరాలు మారిపోయేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. మన దేశంలో మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది, దానికి లోబడి ఆమోదం పొందిన బాడీ బిల్డర్లు కట్టినవే ఆ పేరుతో రిజిస్టరవుతాయి. పైకప్పు కోయడం, కిటికీలు పెట్టడం, సీట్లు తీసి మంచం బిగించడం ఇక్కడ ఇంటి ముందు చేసుకునే పని కాదు.

ఐదు సీట్ల ప్రయాణికుల ఈకోను సొంత వాహనంగా కొని, దేన్నీ కోయకుండా, దేన్నీ బిగించకుండా వాడుకోవడం మీకు నేను చెప్పగల దారి. వెనక సీటును మడిచే వీలుంటే మడిచి, దాని మీదికి వచ్చేలా మూడు ముక్కల తేలికపాటి ప్లైవుడ్ మంచం, కింద రెండు పెట్టెలు చేయించుకోండి. రాత్రి ఆగినచోట పరుచుకుని, పొద్దున తీసి పెట్టెలో పెట్టి తాడుతో కట్టేయండి. గ్యాసు పొయ్యిని ఎప్పుడూ వాహనం బయటే వెలిగించండి. మన దగ్గర బాధ చలి కాదు, మే నెల వేడి. పగలంతా ఎండలో నిలబడిన రేకు రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. కిటికీ అద్దాలకు సరిపోయేలా వెండిరంగు ఫోము ముక్కలు కోసుకుని పగలు లోపలి నుంచి అడ్డుపెట్టండి, రాత్రి వాటిని తీసి దోమతెర గుడ్డను తలుపు అంచులకు అయస్కాంతాలతో అంటించి గాలి ఆడనివ్వండి. ముందుగా మీ ఇంటి ముందే, చెట్టు కింద నిలబెట్టి, ఒక రాత్రి అందులో పడుకుని చూడండి. ఆ రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఏదైనా ఉంటే, బయలుదేరకముందే దాన్ని సరిచేసుకోవచ్చు.